ఒక్క పేరు తీసేస్తే ఊరంతా పోయింది

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. బీకాం చదివి, మిర్చి యార్డు దగ్గర మేనమామ గారి కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తున్నారు. పంట రాగానే అమ్ముకునే రైతులు కొందరైతే, ధర కోసం టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగేవాళ్లు ఇంకొందరు. అలా ఆగినవాళ్ల జాబితా ఈమె దగ్గర ఒక టెక్స్ట్ ఫైలుగా ఉంది. రైతుకో లైను. ఖాతా నంబరు, పేరు, ఊరు, ఫోను, రకం, టిక్కీల లెక్క, మధ్యలో కామాలు. యార్డులో ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకు ధర కదిలిన రోజున ఈ జాబితాలో ఉన్నవాళ్లందరికీ మెసేజ్ వెళ్తుంది. సరుకు అమ్మేసినవాళ్ల లైను జాబితాలోంచి తీసేస్తారు.

ఆ తీసేసే పనికి అక్క భర్త ఒక చిన్న షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటర్ వరసగా నడిపే కమాండుల ఫైలు, రాసిచ్చారు. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొట్టులోని పాత కంప్యూటర్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం వేసిందీ ఆయనే. సాయంత్రం అమ్మినవాళ్ల పేర్లు వేరే ఫైల్లో రాసి స్క్రిప్టు నడిపితే, ఆ పేర్లున్న లైన్లు పెద్ద జాబితాలోంచి పోతాయి. చాలా రోజులు బాగానే నడిచింది.

ఇటీవల రాజుపాలెం నుంచి ఒక పెద్దాయన కొట్టుకి వచ్చారు. పక్క కొట్టులో సరుకు ఉన్నవాళ్లకి కబురు అంది, మంచి ధర ఉన్న రెండు రోజుల్లో అమ్ముకున్నారట. "మాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగారు. ఈమె ఫైలు తెరిచి చూస్తే ఆయన లైనే కాదు, రాజుపాలెం పేరున్న లైను ఒక్కటీ లేదు. అంతకుముందు 'రాజు' అనే రైతు సరుకు అమ్మేశారు. ఆ రెండు అక్షరాల పేరు రాజుపాలేన్నీ, నాగరాజులనీ ఊడ్చేసింది. ఇంటర్నెట్‌లో వెతికి, స్క్రిప్టులో లైన్లు వెతికే గ్రెప్ అనే కమాండుకి మాట మొత్తం కలిస్తేనే పట్టుకోమని చెప్పే 'డబ్ల్యూ' ఆప్షన్ చేర్చారు. తర్వాత 'అమరావతి' అనే రైతు సరుకు అమ్మారు. ఆ సాయంత్రం అమరావతి ఊరివాళ్లంతా జాబితాలోంచి పోయారు. మధ్యలో ఒకసారి ఫైలు మొత్తం ఖాళీ అయిపోతే, జూన్‌లో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న కాపీతో మళ్లీ నింపుకున్నారు.

మావయ్యకి ఇదంతా తెలియదు. ఎవరికో ఒక మెసేజ్ తప్పిందని మాత్రమే అనుకుంటున్నారు. దానికే "పుస్తకమే నయం, ఆ కంప్యూటర్ కట్టిపెట్టు" అంటున్నారు. బావగారు ఫోన్‌లో "ఇంటిపేరుతో సహా రాయాల్సింది, తప్పు జాబితాలో ఉంది. తీరిక దొరికితే పైథాన్‌లో రాసిస్తా, అప్పుడు కరెక్టుగా వస్తుంది" అన్నారు. అక్క అయితే "ఆయన నిద్ర మానుకుని రాసిచ్చారే, మాట ఆయన మీదికి రానీయకు" అంటోంది. సరిగ్గా ఆ పేరు మాత్రమే పోయేట్టు ఎలా రాయాలి, మావయ్యకి అంతా చెప్పాలా వద్దా, ఈ టెన్షన్ పడలేక ఉద్యోగం మానేస్తే మంచిదా అని అడుగుతున్నారు.

*

అమ్మా, మీ మూడు ప్రశ్నలకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఇంకా ఎవరెవరు పోయారు? రాజుపాలెం పెద్దాయన వచ్చి అడిగారు కాబట్టి ఆయన సంగతి తెలిసింది. అడగడానికి రాని రైతు ఈ క్షణాన కూడా కబురు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. అందుకని ముందు స్క్రిప్టు నడపడం ఆపండి. రెండు మూడు రోజులు అమ్మినవాళ్ల లైన్లు జాబితాలోనే ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. సరుకు అమ్మేసిన రైతుకి ఒక మెసేజ్ అనవసరంగా వెళ్తుంది, అంతే. ఉండాల్సిన రైతు లైను పోతే మాత్రం ఆయన ఏడాది కష్టానికి రావాల్సిన ధర పోతుంది. ఈ రెండు తప్పులూ ఒక బరువువి కావు. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా, పొరపాటు జరిగితే మొదటి రకంగానే జరిగేలా చూసుకోవాలి. నేను కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

పోయినవాళ్లని వెతకడానికి మీ దగ్గర కావాల్సినవన్నీ ఉన్నాయి. జూన్ కాపీ ఉంది. ఇప్పటి ఫైలు ఉంది. అమ్మిన ప్రతి రైతుకీ రాసిన పట్టీలు కొట్టులో ఉంటాయి. ఇప్పటి ఫైల్లోంచి ఖాతా నంబర్ల గడి (కామాల మధ్య ఉండే ఒక్కో ముక్క ఒక గడి) మాత్రమే 'కట్' అనే కమాండుతో వేరే ఫైల్లోకి తీయండి. పట్టీలు చూసి, అమ్మినవాళ్ల ఖాతా నంబర్లు దాని కిందే చేర్చండి. జూన్ కాపీలో ఉండి, ఈ నంబర్లలో ఎక్కడా లేని లైన్లు ఏవో అవే అన్యాయంగా పోయినవి. జూన్ తర్వాత ఏసీలో సరుకు పెట్టినవాళ్లు ఆ కాపీలో ఉండరు కాబట్టి, వాళ్లని కోల్డ్ స్టోరేజీ బాండ్ల పుస్తకంతో సరిచూసుకోవాలి. ఇది చేత్తో చేసినా ఒక పూట పని. లైను మొత్తాన్ని లైనుతో పోల్చే పని మాత్రం పెట్టుకోకండి. మధ్యలో టిక్కీల లెక్క మారిన రైతు కూడా పోయినట్టే కనిపించి కంగారు పెడతారు. ఖాతా నంబరుతోనే పోల్చండి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు జరిగిందో చూద్దాం. గ్రెప్‌ని 1973లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తయారుచేశారు. మనం ఇచ్చిన అక్షరాల వరస ఒక లైనులో ఎక్కడైనా ఉందా అని చూడటమే దాని పని. అది మనిషి పేరా, ఊరి పేరా, పెద్ద మాటలో ముక్కా అన్నది దానికి పట్టదు. 'వి' ఆప్షన్ ఇస్తే, ఆ వరస లేని లైన్లను మాత్రమే మిగులుస్తుంది. మీ బావగారి స్క్రిప్టులో ఉన్నది ఇదే. కాబట్టి 'రాజు' అన్నప్పుడు నాగరాజూ రాజుపాలెమూ పోవడం స్క్రిప్టు చెడిపోయి జరిగింది కాదు. చెప్పిన మాట అది అక్షరాలా విన్నది.

మీరు చేర్చిన 'డబ్ల్యూ' ఆప్షన్ ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది. దొరికిన వరసకి ముందూ వెనకా అక్షరం, అంకె, అండర్‌స్కోర్ ఏవీ లేకపోతేనే అది పట్టుకుంటుంది. అందుకని రాజుపాలెం బతుకుతుంది. కానీ ఈ నియమంలో కామా, ఖాళీ, గీత, చుక్క అన్నీ మాటకి హద్దులే. '145' అని ఇస్తే '145/2' ఉన్న లైను కూడా పోతుంది, ఎందుకంటే ఆ అడ్డగీత దగ్గర మాట అయిపోయిందనుకుంటుంది. 'తేజ' అని ఇస్తే తేజ అనే మనిషి, తేజ రకం మిరప, 'తేజ తాలు' అని రాసిన లైను మూడూ పోతాయి. మీ అమరావతి గారి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఆమె పేరూ పూర్తి మాటే, ఊరి పేరూ పూర్తి మాటే. డబ్ల్యూ ఆప్షన్ తన పని తప్పు లేకుండా చేసింది. మీకు కావాల్సింది మాట మొత్తం కలవడం కాదమ్మా, గడి మొత్తం కలవడం.

గడి కలపడానికి గ్రెప్ సరైన పనిముట్టు కాదు. లైను మొత్తం కలిస్తేనే పట్టుకునే 'ఎక్స్' ఆప్షన్ దానికి ఉంది. లైనుకి ఒక్క పేరు మాత్రమే ఉండే ఫైళ్లకి అది బాగా పనికొస్తుంది. మీ లైన్లో ఆరు గడులున్నాయి. దానికి ఆక్ అనే కమాండు ఉంది, మీ ఉబుంటులో ఇప్పటికే ఉంటుంది. గడుల మధ్య హద్దు కామా అని క్యాపిటల్ ఎఫ్ ఆప్షన్‌తో చెబితే, మొదటి గడి, రెండో గడి అని విడివిడిగా పట్టుకోగలదు. దానికి రెండు ఫైళ్లు ఇస్తారు. ముందు అమ్మినవాళ్ల ఫైలు, తర్వాత పెద్ద జాబితా. మొదటి ఫైలు చదువుతున్నంతసేపూ ప్రతి నంబరునీ ఒక పట్టికలో గుర్తు పెట్టుకోమనాలి. రెండో ఫైలు చదివేటప్పుడు, మొదటి గడిలోని నంబరు ఆ పట్టికలో లేకపోతేనే లైనుని బయటికి రాయమనాలి. ఏ ఫైలు చదువుతున్నదీ తెలుసుకోవడానికి మొత్తం లైన్ల లెక్క, ఈ ఫైలు లైన్ల లెక్క సమానమా కాదా అని చూస్తారు. ఈ ఒక్క లైను మీ బావగారికి రెండు నిమిషాల పని. "ఆక్‌లో రెండు ఫైళ్లు పోల్చి, మొదటి గడి పట్టికలో లేని లైన్లే కావాలి" అని అడగండి, ఆయనకి వెంటనే అర్థమవుతుంది.

గమనించారా, నేను పేరు అనలేదు, నంబరు అన్నాను. ఇది అన్నిటికంటే ముఖ్యం. రెండో గడిలో 'వెంకటేశ్వర్లు' అని ఖచ్చితంగా కలిపినా, మన జిల్లాలో ఒకే ఊళ్లో అదే పేరున్న రైతులు ఎంతమంది ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంటిపేరు చేర్చమని బావగారు చెప్పింది కొంతవరకు సాయపడుతుంది కానీ, అన్నదమ్ముల పిల్లలకి తాతగారి పేరు పెట్టే ఇళ్లలో ఇంటిపేరూ పేరూ రెండూ కలుస్తాయి. ఫోన్ నంబరు మేలే గానీ, తమ్ముడి ఫోనే ఇద్దరికీ రాయించే రైతులు ఉంటారు. ఖాతా నంబరు మీరు ఇచ్చినది, ఒకరికి ఒకటే. సాయంత్రం జాబితాలో పేర్లు రాయడం మానేసి ఖాతా నంబర్లే రాయండి. పేరు పక్కన ఉంటే చదువుకోవడానికి బాగుంటుందనుకుంటే కామా పెట్టి రెండో గడిలో రాసుకోండి. ఆక్ మొదటి గడినే చూస్తుంది. ఈ ఒక్క మార్పుతో మీ బాధ చాలావరకు తీరుతుంది.

ఫైలు మొత్తం ఖాళీ అయిన సంగతికి వస్తాను. దీనికి రెండు కారణాలు మామూలుగా ఉంటాయి. మొదటిది, అమ్మినవాళ్ల పేర్ల ఫైల్లో ఎక్కడో ఒక ఖాళీ లైను ఉండటం. పేర్లన్నీ ఒక ఫైల్లోంచి తీసుకోమని గ్రెప్‌కి చెప్పినప్పుడు, అందులో ఖాళీ లైను ఉంటే, డబ్ల్యూ, ఎక్స్ లాంటి ఆప్షన్లేవీ లేనప్పుడు అది ప్రతి లైనుతోనూ కలుస్తుంది. కలిసినవన్నీ తీసేయమన్నారు కాబట్టి ఏమీ మిగలదు. చివర ఒకటికి రెండుసార్లు ఎంటర్ కొడితే చాలు, ఖాళీ లైను చేరిపోతుంది. రెండోది, ఫలితాన్ని అదే ఫైల్లోకి రాయమని చెప్పడం. షెల్, అంటే మనం ఇచ్చే కమాండులు నడిపే ప్రోగ్రాము, ఏ కమాండూ నడపకముందే, రాయాల్సిన ఫైలుని తెరిచి ఖాళీ చేస్తుంది. తర్వాత గ్రెప్ చదవబోతే అందులో ఏమీ ఉండదు. అందుకని ఫలితం ఎప్పుడూ వేరే పేరున్న ఫైల్లోకి వెళ్లాలి. ముందు ఉన్న లైన్లెన్ని, ఇప్పుడున్నవి ఎన్ని, తీసేయమన్నవి ఎన్ని అన్నది 'డబ్ల్యూసీ' కమాండుతో లెక్కపెట్టాలి. లెక్క కుదిరితేనే పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టాలి. అయిదుగురిని తీసేయమంటే నలభై లైన్లు తగ్గాయనుకోండి, స్క్రిప్టు అక్కడే ఆగి మీకు చెప్పాలి. ఆ ఒక్క తనిఖీ ఉండి ఉంటే రాజుపాలెం ఆ సాయంత్రమే దొరికేది.

బావగారు పైథాన్‌లో రాస్తానన్నారు. రాయించుకోండి, కానీ ఒక హెచ్చరికతో. పైథాన్‌లో మామూలుగా వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్, అంటే మాటలు వెతికే భాగం, మన గుణింతపు గుర్తుల్ని అక్షరాల కింద లెక్కపెట్టదు. అచ్చులూ హల్లులూ దానికి అక్షరాలే, తలకట్టు మార్చే కొమ్ములూ దీర్ఘాలూ కావు. దాంతో మాట హద్దు చూసి 'రాజు'ని పట్టుకోమంటే విచిత్రం జరుగుతుంది. కామా ముందున్న 'రాజు' దొరకదు, ఎందుకంటే కొమ్ము తర్వాత కామా వస్తే దాని లెక్కలో రెండూ అక్షరాలు కావు, అక్కడ హద్దే లేదు. 'రాజుపాలెం' మాత్రం దొరుకుతుంది, ఎందుకంటే కొమ్ము తర్వాత 'పా' రాగానే కొత్త మాట మొదలైందనుకుంటుంది. అంటే వదలాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదిలేస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి "పనిచేస్తోంది" అనుకున్న మనిషికి ఈ సంగతి తట్టే అవకాశమే లేదు. పైథాన్‌లో రాసినా కామా దగ్గర విడగొట్టి, గడితో గడిని సమానమా అని చూడటమే దారి.

గ్రెప్ డబ్ల్యూ ఆప్షన్‌కీ ఇలాంటిదే ఒక చిక్కుంది. కంప్యూటర్ భాషా సెట్టింగు, అంటే లొకేల్, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో లేకపోతే తెలుగు అక్షరాలేవీ దానికి అక్షరాలుగా కనిపించవు. అప్పుడు డబ్ల్యూ ఉన్నా లేనట్టే. నాగరాజు మళ్లీ పోతాడు. టెర్మినల్‌లో మీరు చేత్తో నడిపినప్పుడు సరిగ్గా వచ్చి, రాత్రిపూట క్రాన్‌తో (చెప్పిన వేళకి పనులు నడిపే ఏర్పాటు) తనంతట తాను నడిచినప్పుడు తప్పు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. ఖాతా నంబర్లు అంకెలు కాబట్టి మీకు ఈ బెడద ఉండదు.

ఇంకో చిన్న సంగతి. 'రాజ్‌కుమార్' అని ఫోన్‌లో టైపు చేసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు చేరవచ్చు, కంప్యూటర్‌లో టైపు చేసినదాంట్లో అది లేకపోవచ్చు. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి వేరు వేరు మాటలు. విండోస్‌లో తయారైన ఫైల్లో ప్రతి లైను చివరా అలాంటి కనిపించని గుర్తే ఒకటి ఉంటుంది, దాంతో నంబరు కూడా కలవదు. 'డాస్ టు యూనిక్స్' అనే చిన్న కమాండుతో అది పోతుంది. వీటివల్ల తీసేయాల్సినది తీయకుండా ఉండిపోతుందే తప్ప, ఉండాల్సినది పోదు. కాబట్టి వీటి గురించి నిద్ర మానుకోవద్దు.

ఈ ఉత్తరం చదివే విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్ల వాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మీ అవసరం వేరు. లైను ఉండాలి, అందులో ఒక మాట మాత్రమే పోవాలి. దానికి సెడ్ అనే కమాండు కావాలి. వెతికే మాటకి ముందూ వెనకా హద్దు గుర్తులు పెట్టి, దాని స్థానంలో ఏమీ పెట్టకుండా మార్చమంటారు. మాట పోయాక రెండు ఖాళీలు పక్కపక్కన మిగులుతాయి, వాటిని కూడా ఒకటి చేయాలి. ఫైల్లోనే మార్చే 'ఐ' ఆప్షన్ వాడితే, దానికి ఆనించి 'బాక్' లాంటి ఒక తోక రాయండి, పాత ఫైలు ఆ పేరుతో మిగులుతుంది. కథల్లో, వ్యాసాల్లో 'రాజు'ని ఖచ్చితంగా వెతికితే 'రాజుకి', 'రాజుతో' తగలవు. అవి కావాలో వద్దో ముందే తేల్చుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లలో యూనికోడ్ తెలుగు మాట వెతికితే అసలు దొరకదు. అక్కడ తెరమీద కనిపించేది తెలుగే గానీ లోపల ఉన్నవి వేరే కోడ్లు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

అమ్మా, మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఇంతసేపూ సరిగ్గా తీసేయడం ఎలా అని చెప్పాను. అసలు తీసేయాలా అన్నది నా ప్రశ్న. మీ మావయ్య పుస్తకమే నయం అంటున్నారు కదా, ఆ మాట కొట్టిపారేయకండి. పుస్తకంలో రైతు సరుకు అమ్మితే మావయ్య ఏం చేస్తారు? ఆ పేరు మీద ఒక గీత కొట్టి, పక్కన తారీఖు వేస్తారు. గీత కింద పేరు కనిపిస్తూనే ఉంటుంది. తప్పు గీత కొడితే మర్నాడు ఎవరో ఒకరు చూసి చెబుతారు. మీ ఫైలుకి కూడా ఆ పద్ధతే నేర్పవచ్చు. చివర ఏడో గడి ఒకటి పెట్టండి. అమ్మిన రోజు స్క్రిప్టు ఆ గడిలో తారీఖు రాయాలి. మెసేజ్ పంపేటప్పుడు ఏడో గడి ఖాళీగా ఉన్నవాళ్లకే పంపాలి. ఏ లైనూ ఎక్కడికీ పోదు. సీజన్ అయిపోయాక ఫైలుని అలాగే దాచి, కొత్త సీజన్‌కి కొత్త ఫైలు మొదలుపెట్టండి. ఈ పద్ధతిలో ఫైలు కొంచెం పెద్దదవుతుంది, చదవడానికి కళ్లు కొంచెం కష్టపడాలి. కొన్ని వందల మంది రైతుల జాబితాకి అది ఏమంత భారం కాదు. తీసేయడమే కావాలనుకుంటే, తీసిన లైన్లను పారేయకుండా ఆ తారీఖు పేరుతో మరో ఫైల్లో చేర్చేలా రాయించుకోండి. నేనైతే మొదటి దారినే ఎంచుకుంటాను. వెనక్కి తీసుకోలేని పని మనుషుల పేర్ల మీద చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మావయ్యకి చెప్పాలా అని అడిగారు. ఆయనకి చెప్పకుండా ఫైలు సరిదిద్దుకుని ఊరుకోవచ్చు. అప్పుడు గొడవ ఉండదు, ఉద్యోగం ఉంటుంది, బావగారి పేరు రాదు. కానీ ధర తప్పిపోయిన రైతు రేపు యార్డులో నలుగురి ముందు అడిగితే, అప్పటికి మావయ్యకి ఏమీ తెలిసి ఉండదు. కమీషన్ వ్యాపారం నమ్మకం మీద నడిచేది. సొంత కొట్టులో జరిగింది బయటివాళ్ల నోట వినడం ఆయనకి, మెసేజ్ తప్పడంకంటే పెద్ద దెబ్బ. ఇప్పుడే పరుగెత్తుకెళ్లి చెప్పొచ్చు కూడా. మనసు తేలికపడుతుంది. అయితే "ఎంతమంది?" అని ఆయన అడిగితే "తెలియదు మావయ్యా" అనాల్సి వస్తుంది, ఆ జవాబు వినగానే ఆయన కంప్యూటర్ కట్టిపెట్టమంటారు, అది సహజం. ఈ రెండింటికీ మధ్య, ముందు ఒక పూట కూర్చుని పోయినవాళ్ల జాబితా తయారుచేసుకుని, అది చేతిలో పట్టుకుని చెప్పడం ఉంది. "ఇంతమంది పోయారు, వీళ్లకి ఇవాళే నేను ఫోన్ చేస్తాను, ఇకమీద ఇలా జరగకుండా ఇది మార్చాను" అని చెప్పగలుగుతారు. ఆలస్యం ఒక పూటకి మించితే మాత్రం అది దాచినట్టే అవుతుంది. ధర మళ్లీ కదిలేలోపు చెప్పండి.

బావగారి పేరు ఎత్తాల్సిన అవసరం ఆ మాటల్లో ఎక్కడా లేదు, చూడండి. స్క్రిప్టు పేర్లతో వెతుకుతోంది, ఇకమీద ఖాతా నంబర్లతో వెతుకుతుంది, అంతే. మావయ్య అడిగితే అబద్ధం చెప్పకండి, ఆయన రాసిచ్చారనే చెప్పండి, అక్క కోసమని తప్పంతా మీ మీద వేసుకోకండి. బావగారితో మాట్లాడేటప్పుడు తప్పెవరిదన్న మాట పక్కన పెట్టి, రాజుపాలెం లైన్లూ అమరావతి లైన్లూ ఎలా పోయాయో రెండు ఉదాహరణలు పంపండి. మంచి ప్రోగ్రామర్‌కి పోయిన లైను చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు. ఆయన నొచ్చుకుని రాయనంటే, నేను పైన చెప్పిన ఆక్ పద్ధతి గుంటూరులో కంప్యూటర్లు నేర్పే ఏ మాస్టారైనా కూర్చోబెట్టి రాసిపెడతారు. ఒకటి మాత్రం ఆయనకి ఒప్పజెప్పకుండా మీరే నేర్చుకోండి: రోజూ స్క్రిప్టు నడిపాక తగ్గిన లైన్లు చూసి, అవి సరైనవో కాదో చెప్పడం. రైతుల్ని ఎరిగినవారు మీరు, ఆయన కాదు.

రాజుపాలెం పెద్దాయన మాట మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలోనే ఉంది, నాకు మాత్రం మనసులోంచి పోలేదు. ఆయనకి మీరే ఫోన్ చేయండి. మా జాబితాలో మీ పేరు పొరపాటున పోయింది, అందుకే కబురు రాలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. ధర మళ్లీ వస్తుందని మాత్రం ఆశ పెట్టకండి, అది మీ చేతిలో లేదు. ఆయన సరుకు అమ్మేటప్పుడు కమీషన్‌లో కొంత తగ్గించడమో, ఇంకేదైనా సర్దుబాటో చేయాలా అన్నది మావయ్య నిర్ణయం. ఆ మాట మావయ్య దగ్గర ఎత్తాల్సింది మాత్రం మీరే, ఎందుకంటే ఆయనకి ఎంత తప్పిపోయిందో లెక్క వేయగలిగినవారు మీరే.

ఉద్యోగం మానేయడం గురించి ఈ వారం ఆలోచించకండి. మీరు ఇప్పుడు మానేస్తే, పోయిన పేర్లు తెలిసిన ఒక్క మనిషీ ఆ కొట్టులో ఉండరు. మావయ్య పుస్తకమే అంటే సరేనండి, ఈ సీజన్ రెండూ నడిపిద్దామని అడగండి. పుస్తకంలో ఆయన గీత కొడతారు, ఫైల్లో మీరు తారీఖు వేస్తారు. వారానికోసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని కలిపి చూడండి. ముందు ఇవాళ సాయంత్రం పట్టీలు తీసి, జూన్ కాపీ తెరవండి.